ఓకే అన్న జవాబు ఎంత దూరం పోతుంది: పోస్ట్‌ఫిక్స్ యాక్సెస్ నియమాలు, లుకప్ పట్టికల తీరు

చెన్నైలోని అంబత్తూరు, గిండీ పారిశ్రామికవాడల్లో, మెయిల్‌బాక్స్‌కు ఇంత అని నెలనెలా కట్టే సేవలకు మారకుండా, డేటా సెంటర్‌లో ఒక లినక్స్ యంత్రం అద్దెకు తీసుకుని సొంతంగా పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడుపుకునే మధ్యతరహా సంస్థలు ఉన్నాయి. అలాంటి చోట మెయిల్ సర్వర్ బాధ్యత చూసే తెలుగు ఉద్యోగికి అకౌంట్స్ విభాగం నుంచి వచ్చే ఫోను దాదాపు ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది: “సార్, హోసూరు పార్టీ పంపిన కొటేషన్ మన దగ్గర రిజెక్ట్ అయిందంట, కొంచెం చూడండి.” లాగ్ తెరిస్తే తిరస్కరణ కనబడుతుంది, పంపినవారి చిరునామా పక్కన ఓకే అని రాసిన ఒక పంక్తి, ఎవరి మెయిలు రానివ్వాలో చెప్పే యాక్సెస్ పట్టికలో చేరుతుంది, మెయిలు వస్తుంది. ఆ ఒక్క పంక్తితో ఇంకెవరెవరి మెయిలుకు అనుమతి దొరికిందో ఆ హడావుడిలో ఎవరూ లెక్క చూడరు.

చూద్దామన్నా పట్టికలో అది కనబడదు. యాక్సెస్ పట్టికలో ఉండేది ఒక కీ, అంటే వెతకవలసిన పేరో చిరునామానో, దాని పక్కన ఒక జవాబు, అంతే. ఆ జవాబు ఎంత దూరం పనిచేస్తుందన్నది, ఆ పట్టికను ఏ ప్రశ్నకు వాడారు, ఏ జాబితాలో పెట్టారు, ఏ నియమానికి ముందు పెట్టారు అన్న మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది, ఆ మూడూ ఉండేది పోస్ట్‌ఫిక్స్ అమరికలు రాసే మెయిన్.సీఎఫ్ అనే మరో ఫైలులో. రోజూ పట్టికను సవరించేవారు మెయిన్.సీఎఫ్‌ను ఏళ్ల తరబడి తెరవకపోవడం సాధారణం. అందువల్ల ఈ విశ్లేషణ పట్టికలతో కాక, వాటిని పిలిచే నియమాలతో మొదలవ్వాలి.

పోస్ట్‌ఫిక్స్‌ను ఐబీఎమ్ పరిశోధన కేంద్రంలో వీట్సె వెనెమా రాశారు. అది 1998 చివర్లో బయటికి వచ్చింది. అన్ని పనులూ ఒకే పెద్ద ప్రోగ్రామ్ చేతిలో పెట్టకుండా, తక్కువ అధికారాలతో నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములుగా పనిని విడగొట్టడం దాని మూల లక్షణం. బయటి సర్వర్‌తో మాట్లాడేది ఎస్‌ఎమ్‌టీపీడీ, చిరునామాలను సవరించేది క్లీనప్, మెయిలు ఏ దారిన పోవాలో చెప్పేది ట్రివియల్ రీరైట్. ఈ విభజన పట్టికలకూ వర్తిస్తుంది: యాక్సెస్ పట్టికను చదివేది ఎస్‌ఎమ్‌టీపీడీ, ఒక చిరునామాను మరో చిరునామాకు మళ్లించే వర్చువల్ ఎలియాస్ పట్టికను పాటించేది క్లీనప్, ట్రాన్స్‌పోర్ట్ పట్టికను సంప్రదించేది ట్రివియల్ రీరైట్. ఒకే ఫోల్డర్‌లో ఒకే పోలికతో ఉండే ఈ ఫైళ్లు వేర్వేరు సమయాల్లో, వేర్వేరు పద్ధతుల్లో చదవబడతాయన్నది చాలా తికమకలకు మూలం.

ఎస్‌ఎమ్‌టీపీడీ ముందుకు నాలుగు సమాచారాలు వరసగా వస్తాయి. మొదటిది అవతలి యంత్రపు ఐపీ చిరునామా. రెండోది హెలో ఆదేశంలో ఆ యంత్రం చెప్పుకునే పేరు. మూడోది మెయిల్ ఫ్రమ్ ఆదేశంలో వచ్చే పంపినవారి చిరునామా. నాలుగోది ఆర్‌సీపీటీ టూ ఆదేశంలో వచ్చే గ్రహీత చిరునామా. ఈ నాలుగింటిలో నమ్మదగినది ఐపీ ఒక్కటే, ఎందుకంటే అటూ ఇటూ పాకెట్లు తిరిగితే తప్ప టీసీపీ కనెక్షన్ నిలబడదు కాబట్టి దాన్ని అబద్ధం చెప్పడం చాలా కష్టం. హెలో పేరు, పంపినవారి చిరునామా మాత్రం అవతలివారు నోటితో చెప్పుకున్నవే. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో, సర్వర్లు మెయిలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అయిన ఎస్‌ఎమ్‌టీపీని నిర్వచించినప్పుడు పంపినవారిని రుజువు చేసే ఏర్పాటు ఏదీ పెట్టలేదు. పంపినవారి డొమైన్‌ను సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ లాంటివి తర్వాత బయటినుంచి జోడించినవే. యాక్సెస్ నియమాలు రాసేవారు మొట్టమొదట గుర్తుపెట్టుకోవలసిన తేడా ఇదే. నిషేధించడానికి చెప్పుకున్న చిరునామాను వాడినా పెద్ద నష్టం లేదు. అనుమతించడానికి మాత్రం దాన్ని వాడకూడదు.

ఇక జాబితాలు. పోస్ట్‌ఫిక్స్‌లో క్లయింట్, హెలో, సెండర్, రిలే, రెసిపియెంట్, డేటా దశలకు విడివిడిగా నియమాల జాబితాలు ఉంటాయి. ప్రతి జాబితాలో నియమాలు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి చదవబడతాయి, తేల్చి చెప్పే మొదటి జవాబు దగ్గర ఆ జాబితా ఆగిపోతుంది. రిజెక్ట్ అని వస్తే ఆ అభ్యర్థన అక్కడితో సరి. ఓకే అని వస్తే ఆ ఒక్క జాబితా మాత్రమే ముగుస్తుంది. తర్వాతి జాబితా మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. పైగా ఎస్‌ఎమ్‌టీపీడీ_డిలే_రిజెక్ట్ అనే అమరిక సహజంగా ఎస్ అనే ఉంటుంది కనుక, క్లయింట్, హెలో, సెండర్ జాబితాల తీర్పు కూడా ఆర్‌సీపీటీ టూ ఆదేశం వచ్చేదాకా వాయిదా పడుతుంది. తిరస్కరించిన మెయిలు ఎవరు ఎవరికి పంపబోయారో లాగ్‌లో పూర్తిగా కనబడటానికి కారణం ఈ వాయిదాయే.

హోసూరు కొటేషన్ సంగతిని ఈ క్రమంలో పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. పంపినవారి చిరునామాకు ఓకే రాసి ఆ పట్టికను సెండర్ జాబితాలో పెట్టారనుకుందాం. ఆ మెయిలును నిజంగా ఆపుతున్నది రెసిపియెంట్ జాబితాలో ఉన్న బ్లాక్‌లిస్ట్ (స్పామ్ పంపే ఐపీల జాబితా) తనిఖీ అయితే, సెండర్ జాబితాలో దొరికిన ఓకే అక్కడికి చేరదు. మెయిలు మళ్లీ తిరస్కరణకు గురవుతుంది. “ఓకే పెట్టినా రావట్లేదు” అన్న మాట ఇక్కడే పుడుతుంది. అప్పుడు చాలామంది చేసే పని, ఆ పట్టికను పిలిచే చెక్_సెండర్_యాక్సెస్ నియమాన్ని రెసిపియెంట్ జాబితాలో అన్నిటికంటే పైకి తేవడం. ఈసారి మెయిలు వస్తుంది. అయితే ఆ జాబితాలో దాని కింద రిజెక్ట్_అన్‌ఆథ్_డెస్టినేషన్ ఉండి, రిలేను, అంటే బయటివారి మెయిలును బయటి డొమైన్లకు చేరవేయడాన్ని, ఆపే నియమం అదొక్కటే అయితే, ఆ ఓకే దాన్ని కూడా దాటించేస్తుంది. ఆ నియమం చేసే పని, ఈ సర్వర్‌కు చెందని డొమైన్లకు పోయే మెయిలును తిప్పికొట్టడం. అది దాటిపోయిందంటే, హోసూరు పార్టీ చిరునామాను మెయిల్ ఫ్రమ్‌లో పెట్టుకున్న ఎవరైనా, ఎక్కడినుంచైనా, లోకంలో ఎవరికైనా ఈ సర్వర్ ద్వారా మెయిలు పంపవచ్చు. కొటేషన్ కోసం రాసిన పంక్తి సర్వర్‌ను ఓపెన్ రిలేగా మార్చింది. స్పామర్లు ఆ సంగతి కనిపెట్టాక సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్టుల్లో చేరడం, సంస్థ పంపే ఇన్‌వాయిస్‌లు ఎక్కడికీ చేరకపోవడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి.

ఈ ప్రమాదం అంత సులువుగా జరుగుతోంది గనుకనే 2013 లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 2.10 లో రిలే అనుమతిని విడదీసి ఎస్‌ఎమ్‌టీపీడీ_రిలే_రెస్ట్రిక్షన్స్ అనే ప్రత్యేక జాబితాగా పెట్టారు. స్పామ్ నియమాల జాబితాలో ఎక్కడ ఏ ఓకే వచ్చినా అది రిలే జాబితాకు వర్తించదు. అంటే డిజైన్‌లోనే ఓకే అన్న జవాబు పరిధిని కుదించారు. ఇంత మేలైన మార్పు మరొకటి ఆ తర్వాతి వెర్షన్లలో కనబడదన్నా అతిశయోక్తి కాదు. కాకపోతే పాత మెయిన్.సీఎఫ్‌ను సర్వర్ నుంచి సర్వర్‌కు కాపీ చేసుకుంటూ వచ్చిన చోట ఈ రక్షణ ఉందని ధీమాగా చెప్పలేం. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి, పాత సహజ అమరికలు వాడాలో కొత్తవి వాడాలో చెప్పే కంపాటిబిలిటీ_లెవెల్ అనే అమరిక ఉంది. పాత ఫైలులో అది లేకపోతే సున్నాగా లెక్కకు వస్తుంది, అప్పుడు రిలే జాబితా పాత పద్ధతి ప్రకారం ఖాళీగానే ఉండిపోతుంది. అదే స్థాయిలో మైనెట్‌వర్క్స్ (నమ్మి రిలేకు అనుమతించే నెట్‌వర్కుల జాబితా) కూడా పాత అలవాటు ప్రకారం సర్వర్ ఉన్న సబ్‌నెట్ మొత్తాన్నీ సొంత నెట్‌వర్క్‌గా భావిస్తుంది. సొంత భవనంలో ఉన్న సర్వర్‌కు అది చెల్లింది. డేటా సెంటర్‌లో పక్క అద్దెదారుల యంత్రాలున్న సబ్‌నెట్‌లో దాని అర్థం వేరు. రిలేను ఆపే నియమం రెండు జాబితాల్లో ఎక్కడా లేకపోతే పోస్ట్‌ఫిక్స్ మెయిలు తీసుకోవడానికే నిరాకరిస్తుంది, నిజమే. అయితే అది నియమం ఉందో లేదో చూస్తుంది తప్ప, దానికి ముందు ఏ ఓకే ఉందో చూడదు.

కొన్ని తనిఖీల్లో వెనెమా ఓకే అన్న జవాబునే నిషేధించారు. చెక్_సెండర్_ఎమ్‌ఎక్స్_యాక్సెస్ నియమం, పంపినవారి డొమైన్‌కు మెయిలు తీసుకునే సర్వర్లు ఏవో చూసి, ఆ పేర్లనూ ఐపీలనూ పట్టికలో వెతుకుతుంది. డొమైన్ యజమాని తన ఎమ్‌ఎక్స్ రికార్డును, అంటే మెయిలు తీసుకునే సర్వర్ ఏదో చెప్పే నమోదును, ఎవరి సర్వర్ వైపుకైనా తిప్పుకోగలడు కనుక, అక్కడ ఓకే చెల్లదు. మినహాయింపు కావాలంటే డన్నో వాడాలి. డన్నో అంటే కీ దొరకనట్టే భావించి తర్వాతి నియమానికి వెళ్లమని అర్థం. ఆ కీకి సంబంధించిన పై డొమైన్లను, పై నెట్‌వర్కులను కూడా ఆ పట్టికలో ఇక వెతకవద్దని అర్థం. ఒక పెద్ద నెట్‌వర్కును రిజెక్ట్ చేసి అందులో ఒక్క యంత్రాన్ని మినహాయించాలన్నప్పుడు ఆ యంత్రపు ఐపీకి డన్నో రాస్తే నిషేధం దాన్ని తాకదు, మిగిలిన తనిఖీలన్నీ యథావిధిగా జరుగుతాయి. ఓకే రాయబోయే ప్రతి చోటా ముందు డన్నో సరిపోతుందేమో చూసుకుంటే, పట్టికలో మిగిలే ఓకేల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గుతుంది.

జవాబు పరిధి ఊహకు అందని మరో చోటు డిస్కార్డ్. ఇది మెయిలు తీసుకున్నట్టు అవతలివారికి చెప్పి, చడీచప్పుడూ లేకుండా పారేస్తుంది. ఉద్యోగం మానేసినవారి చిరునామాకు రెసిపియెంట్ పట్టికలో డిస్కార్డ్ రాయడం కొన్నిచోట్ల అలవాటు. అయితే ఒకే మెయిలు అయిదుగురికి వచ్చి, అందులో ఒకరు ఆ మానేసిన ఉద్యోగి అయితే, డిస్కార్డ్ ఆ అయిదుగురికీ వర్తిస్తుంది. హోల్డ్, ఫిల్టర్, రీడైరెక్ట్ జవాబులదీ ఇదే తీరు: అవి గ్రహీతకు కాదు, మెయిలు మొత్తానికి వర్తిస్తాయి. ఇంతటి నష్టానికి కారణం వెతకడం కూడా కష్టం, ఎందుకంటే పంపినవారికి తిరస్కరణ రాదు, అందనివారికి ఏదో రావలసి ఉందని తెలియదు. మానేసినవారి చిరునామాకు 550 తో మొదలయ్యే ఒక స్పష్టమైన తిరస్కరణ వాక్యం రాయడమే సరైన పద్ధతి. అది ఆ ఒక్క గ్రహీతకే పరిమితమవుతుంది, పంపినవారికి కారణమూ తెలుస్తుంది.

ఇప్పుడు పట్టిక లోపలికి వెళ్లవచ్చు. అకౌంట్స్@చెన్నై.ఎగ్జాంపుల్.కామ్ అనే చిరునామా నుంచి మెయిలు వచ్చినప్పుడు హ్యాష్ రకం (కీని నేరుగా వెతికే డేటాబేస్ రకం) యాక్సెస్ పట్టికలో పోస్ట్‌ఫిక్స్ వెతికే క్రమం ఇలా ఉంటుంది. ముందు పూర్తి చిరునామా, తర్వాత చెన్నై.ఎగ్జాంపుల్.కామ్, తర్వాత ఎగ్జాంపుల్.కామ్, తర్వాత కామ్ ఒక్కటే, చివరగా అకౌంట్స్@ అన్న ఎడమ భాగం. వీటిలో మొదట దొరికినదే జవాబు. కాబట్టి ఫైలులో పంక్తులు ఏ వరసలో రాశారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. నిర్దిష్టమైన కీ ఎప్పుడూ ముందు వెతకబడుతుంది. ఇందులో రెండు విషయాలు ఆగి చూడదగినవి. ఒకటి, ఇన్ అని ఒక్క మాట కీగా రాస్తే దేశంలోని డాట్ ఇన్ డొమైన్లన్నీ దాని కిందికి వస్తాయి. రెండోది, ఇన్‌ఫో@ అని రాస్తే ప్రతి సంస్థ ఇన్‌ఫో చిరునామా దాని కిందికి వస్తుంది.

పై డొమైన్ రాస్తే కింది డొమైన్లు కూడా సరిపోలడం యాక్సెస్ పట్టికలకు సహజంగా ఉన్న గుణం; పేరెంట్_డొమైన్_మ్యాచెస్_సబ్‌డొమైన్స్ అనే అమరికలో వాటి పేరు ముందునుంచే ఉంది. ట్రాన్స్‌పోర్ట్ పట్టికకు ఆ గుణం లేదు. అక్కడ ఎగ్జాంపుల్.కామ్ అంటే ఆ ఒక్క డొమైనే. కింది డొమైన్లు కావాలంటే ముందు చుక్క పెట్టి మరో పంక్తి రాయాలి. వర్చువల్ ఎలియాస్ పట్టికలో డొమైన్ మొత్తాన్ని సూచించడానికి చుక్క కాదు, ముందు @ పెట్టాలి. ఒక పట్టికలో సరిగ్గా పనిచేసిన పంక్తిని మరో పట్టికలోకి కాపీ చేస్తే లోపం ఎక్కడా నమోదు కాదు. ఆ కీని ఎవరూ అడగరు, అంతే. తప్పు రాసిన పంక్తి ఏ హెచ్చరికా లేకుండా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి ఇదే కారణం.

ఐపీ చిరునామాల విషయంలో హ్యాష్ పట్టికకు ఒక పరిమితి ఉంది. అది చుక్కల దగ్గర మాత్రమే విరవగలదు. 203.0.113.42 నుంచి కనెక్షన్ వస్తే పూర్తి ఐపీని, తర్వాత 203.0.113 ను, 203.0 ను, 203 ను వెతుకుతుంది. శ్రీపెరంబుదూరులోని సరఫరాదారుకు వారి ఇంటర్నెట్ సంస్థ 203.0.113.40/29 అనే ఎనిమిది చిరునామాల బ్లాకు ఇచ్చిందనుకుంటే, హ్యాష్ పట్టికలో దాన్ని ఒక్క పంక్తిలో రాయలేం. సులువు కోసం 203.0.113 ఓకే అని రాస్తే, ఆ సరఫరాదారు ఎనిమిదితో పాటు మరో 248 చిరునామాలకు, అంటే అదే ఇంటర్నెట్ సంస్థ మిగతా ఖాతాదారులకు, అనుమతి పోతుంది. దీనికి సీఐడీఆర్ రకం పట్టిక ఉంది. అందులో /29 అని ఉన్నదున్నట్టు రాయవచ్చు, ఐపీవీ6 బ్లాకులూ రాయవచ్చు. అయితే ఇక్కడ వెతికే పద్ధతి వేరు: పంక్తులు పైనుంచి కిందికి చదవబడతాయి, మొదట సరిపోలినదే జవాబు. హ్యాష్ పట్టికలో లెక్కలోకి రాని వరస ఇక్కడ ప్రాణప్రదం. పెద్ద బ్లాకుకు రాసిన రిజెక్ట్ పైన ఉంటే, దాని కింద రాసిన మినహాయింపు ఎన్నటికీ చదవబడదు.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే అక్షరాల నమూనాలతో, నడిచే పీసీఆర్‌ఈ, రెగెక్స్‌పీ పట్టికల్లోనూ వరసే ప్రధానం. అవి చిరునామాను ముక్కలుగా విడగొట్టవు; మొత్తం చిరునామా మీద ఒక్కసారే సరిపోల్చి చూస్తాయి. ఇక్కడ జరిగే పొరపాటును ఈమధ్య కాలపు ఉదాహరణతోనే చూడవచ్చు. భారతీయ రిజర్వు బ్యాంకు 2025 లో దేశంలోని బ్యాంకులన్నీ అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డొమైన్లకు మారాలని ఆదేశించింది, వాటిని నమోదు చేసే బాధ్యత హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఆ డొమైను దొరకదు కనుక, సెండర్ పట్టికలో బ్యాంక్.ఇన్ పక్కన ఓకే రాసేస్తే బ్యాంకు మెయిళ్లన్నీ అడ్డంకి లేకుండా వస్తాయన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. డొమైను నమోదు చేసుకోవడానికి బ్యాంకు అయి ఉండాలి, నిజమే. మెయిల్ ఫ్రమ్‌లో ఆ పేరు చెప్పడానికి మాత్రం ఏమీ అయి ఉండనక్కర్లేదు. మోసగాడికి అన్నిటికంటే ఇష్టమైన పేరునే తనిఖీ లేకుండా లోపలికి రానిచ్చినట్టవుతుంది. దాన్నే పీసీఆర్‌ఈ పట్టికలో చివరి హద్దు గుర్తు లేకుండా రాస్తే, బ్యాంక్.ఇన్ అన్న అక్షరాలు మధ్యలో ఎక్కడున్నా సరే, దాని వెనక ఎవరి డొమైన్ ఉన్నా సరే, సరిపోలుతుంది. చుక్కకు ముందు వెనక్కివాలు గీత పెట్టకపోతే చుక్క స్థానంలో ఏ అక్షరం ఉన్నా సరిపోలుతుంది.

ఇలాంటప్పుడు అనుమతిని పంపినవారి చిరునామా మీద కాక, కనెక్ట్ అయిన యంత్రం మీద పెట్టాలి. చెక్_క్లయింట్_యాక్సెస్ నియమంలో పేరు రాసినా, పోస్ట్‌ఫిక్స్ ఆ పేరును ఊరికే నమ్మదు: ఐపీ నుంచి పేరు, ఆ పేరు నుంచి మళ్లీ అదే ఐపీ వస్తేనే ఆ పేరు చెల్లుతుంది, లేకపోతే అన్‌నోన్‌గా లెక్క. ఈ రెండువైపుల తనిఖీ ఉండటం వల్ల క్లయింట్ పట్టికలోని ఓకేను, దాని కింద రిలే జాబితా చెక్కుచెదరకుండా ఉన్నంత వరకు, సమర్థించవచ్చు.

బయటి బ్లాక్‌లిస్టులు కూడా ఒక రకంగా లుకప్ పట్టికలే. ప్రశ్న డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్లకు ఐపీలు చెప్పే వ్యవస్థ) ద్వారా పోతుంది. స్పామ్‌హౌస్ అనే సంస్థ నడిపే జెన్ బ్లాక్‌లిస్టును వాడే సర్వర్, గూగుల్ వారి 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్‌ఎస్ జవాబులు తెచ్చిపెట్టే సర్వర్) ద్వారా అడిగితే, స్పామ్‌హౌస్ అసలు జవాబు ఇవ్వకుండా 127.255.255.254 అనే లోపసూచన పంపుతుంది. ఏ జవాబు వస్తే తిరస్కరించాలో నియమంలో రాయకపోతే, పోస్ట్‌ఫిక్స్ ఏ జవాబు వచ్చినా పేరు జాబితాలో ఉన్నట్టే భావించి, వచ్చిన ప్రతి మెయిలునూ తిప్పికొడుతుంది. నియమంలో డొమైన్ పేరు తర్వాత =127.0.0.[2..11] అని పరిధి చేర్చడం, సర్వర్ మీద సొంత రిజాల్వర్ నడపడం, ఈ రెండూ కలిసి చేయవలసిన పనులు.

గ్రహీతల పట్టికల సంగతికి వస్తే, చెన్నై వారికి ఒక ప్రత్యేక కారణం ఉంది. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయం కోసం బెంగళూరు శాఖలో ఒక రెండో ఎమ్‌ఎక్స్ సర్వర్ పెట్టుకోవడం సహజమైన ఆలోచన. ఆ సర్వర్‌కు రిలే_డొమైన్స్‌లో సంస్థ డొమైన్ రాస్తే చాలు, మెయిళ్లు తీసుకుని దాచిపెడుతుంది. అయితే చెన్నైలో ఏ చిరునామాలు నిజంగా ఉన్నాయో దానికి తెలియదు. చెల్లే గ్రహీతల పట్టికను చూపే రిలే_రెసిపియెంట్_మ్యాప్స్ ఖాళీగా ఉంటే, ఆ డొమైన్‌లో ఏ పేరుకు వచ్చిన మెయిలునైనా తీసుకుంటుంది. తర్వాత చెన్నై సర్వర్ అలాంటి పేరు లేదని నిరాకరించినప్పుడు, పంపినవారి చిరునామాకు తిరుగు నోటీసు పంపవలసిన బాధ్యత బెంగళూరు సర్వర్ మీద పడుతుంది. స్పామ్‌లో ఆ చిరునామా దొంగిలించినది కనుక, ఏ పాపమూ ఎరగని మూడో మనిషికి ఆ నోటీసు చేరుతుంది. దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. స్పామర్లు ప్రాధాన్యం తక్కువ ఉన్న ఎమ్‌ఎక్స్‌నే ఎంచుకుని పంపడం కూడా పాత అలవాటే కాబట్టి, వరద లేని రోజుల్లో కూడా ఇది జరుగుతూనే ఉంటుంది.

గ్రహీతల పట్టికను చెన్నై నుంచి బెంగళూరుకు రోజూ కాపీ చేసే ఏర్పాటు లేకపోతే రెండో ఎమ్‌ఎక్స్ పెట్టకపోవడమే మేలు. పంపే సర్వర్లు ఊరికే వదిలెయ్యవు. ఆర్‌ఎఫ్‌సీ 5321 కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నిస్తూ ఉండమంటుంది, పోస్ట్‌ఫిక్స్ తనంతట తాను అయిదు రోజులు క్యూలో ఉంచుతుంది. ఒకే సర్వర్ మూడు రోజులు ఆగిపోయినా చాలావరకు మెయిలు దక్కుతుంది. ఇదే లోపం వర్చువల్ ఎలియాస్ పట్టికలో మరో రూపంలో వస్తుంది: పాత డొమైన్ పేరు మార్చుకున్న సంస్థలు @పాతపేరు పక్కన @కొత్తపేరు అని ఒక్క పంక్తి రాసి పని అయిందనుకుంటాయి. దానితో పాత డొమైన్‌లో ఏ పేరైనా చెల్లే గ్రహీతగా మారిపోతుంది, లేని చిరునామాలను ముందే తిరస్కరించే సామర్థ్యం పోతుంది. ఎన్ని చిరునామాలుంటే అన్ని పంక్తులు రాయడం విసుగే అయినా, సరైన పద్ధతి అదే.

ఉద్యోగులందరికీ పోయే గ్రూపు చిరునామాకు బయటివారు రాయకుండా ఆపడం మరో సాధారణ అవసరం. దీనికి రెస్ట్రిక్షన్ క్లాసులు, అంటే ఒక పేరు కింద చేర్చిన నియమాల గుంపులు, ఉన్నాయి. మెయిన్.సీఎఫ్‌లో ఇంటివారు అన్న అర్థం వచ్చే ఒక క్లాసు పేరు ప్రకటించి, దాని కింద పర్మిట్_మైనెట్‌వర్క్స్, పర్మిట్_సాస్ల్_ఆథెంటికేటెడ్, రిజెక్ట్ అని మూడు నియమాలు రాసి, రెసిపియెంట్ పట్టికలో గ్రూపు చిరునామా పక్కన జవాబుగా ఆ క్లాసు పేరు పెట్టాలి. ఆ పట్టికను పిలిచే నియమం జాబితాలో సాధారణ పర్మిట్‌ల కంటే ముందుండాలి. ఈ క్లాసులో సొంత డొమైన్‌తో సెండర్ పట్టిక పెట్టే పద్ధతి కూడా చలామణీలో ఉంది. సొంత డొమైన్ పేరు చెప్పుకుని బయటినుంచి రాయడం ఎంత తేలికో పైన చూసినందువల్ల, అది రక్షణ కిందికి రాదు. లాగిన్ అయిన ఉద్యోగి మరొకరి పేరుతో పంపకుండా చూడటానికి ఎస్‌ఎమ్‌టీపీడీ_సెండర్_లాగిన్_మ్యాప్స్ పట్టిక ఉంది. ఒక్క ఉద్యోగి పాస్‌వర్డ్ పోయినప్పుడు దొంగ మెయిల్ ఫ్రమ్‌లో ఎండీ చిరునామా పెట్టి చెల్లింపు ఆదేశం పంపలేకపోవడం దీనివల్ల కలిగే ప్రయోజనం.

అయినా ఈ పట్టికలన్నీ చూసేది కవరు మీది చిరునామాను, అంటే మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ టూ ఆదేశాల్లో వచ్చినదాన్ని మాత్రమే. గ్రహీత తెర మీద కనబడే ఫ్రమ్ పంక్తి ఉత్తరం లోపలి భాగం. సెండర్ పట్టిక దాన్ని చూడదు. సొంత డొమైన్‌ను సెండర్ పట్టికలో నిషేధించినా ఎండీ పేరుతో నకిలీ మెయిలు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఇదే. అక్కడ పనికి వచ్చేది, ఫ్రమ్ పంక్తిలోని డొమైన్‌ను ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఫలితాలతో సరిచూసే డీమార్క్ తనిఖీ.

పట్టికను అమలులో పెట్టే పని గురించి కొన్ని మాటలు. హ్యాష్ రకం పట్టికను టెక్స్ట్‌గా రాశాక పోస్ట్‌మ్యాప్ ఆదేశంతో డేటాబేస్ ఫైలుగా మార్చాలి. మారిస్తే పోస్ట్‌ఫిక్స్ దాన్ని తనంతట గమనిస్తుంది. సీఐడీఆర్, పీసీఆర్‌ఈ పట్టికలను మార్చనక్కర్లేదు కానీ, వెంటనే అమలు కావాలంటే రీలోడ్ చేయాలి. పంక్తి మొదట ఖాళీ ఉంటే అది పై పంక్తికి కొనసాగింపుగా చదవబడుతుంది. # గుర్తు పంక్తి మొదట ఉంటేనే వ్యాఖ్య. జవాబు తర్వాత పెడితే అదీ జవాబులో భాగమే. పట్టికలు మైఎస్‌క్యూఎల్‌లో ఉన్నప్పుడు డేటాబేస్ ఆగిపోతే పోస్ట్‌ఫిక్స్ 4 తో మొదలయ్యే తాత్కాలిక జవాబు ఇస్తుంది, మెయిలు గల్లంతు కాదు. డేటాబేస్ కనెక్షన్ల రద్దీ తగ్గడానికి, ఒకే కనెక్షన్‌ను పంచిపెట్టే ప్రాక్సీమ్యాప్ వాడాలి.

రాసినదాన్ని పరీక్షించడానికి పోస్ట్‌మ్యాప్ -క్యూ ఉంది: కీ ఇస్తే పట్టిక జవాబు చెబుతుంది. అయితే అది ఇచ్చిన కీని ఉన్నదున్నట్టే వెతుకుతుంది, ఎస్‌ఎమ్‌టీపీడీలా పై డొమైన్లకు ఎక్కదు. పూర్తి చిరునామాకు జవాబు రాలేదంటే మెయిలుకు ఆ పట్టికలో జవాబు లేదని కాదు, ప్రతి భాగాన్నీ విడిగా అడిగి చూడాలి. కొత్త నిషేధానికి ముందు వార్న్_ఇఫ్_రిజెక్ట్ అని చేర్చి ఒక వారం ఉంచితే, ఏ మెయిళ్లు ఆగిపోయేవో లాగ్‌లో కనబడుతుంది, ఏదీ ఆగదు. జాబితాల అసలు వరస తెలుసుకోవడానికి, మెయిన్.సీఎఫ్ అమరికలను చూపే పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ చాలు.

ఈ పరీక్షలన్నిటికీ తగిన సందర్భం ఇప్పుడు ఎలాగూ వచ్చింది. హ్యాష్ పట్టికలకు ఆధారమైన బర్కిలీ డీబీ అనే డేటాబేస్ లైబ్రరీ లైసెన్సును 2013 లో ఒరాకిల్ మార్చిన తర్వాత లినక్స్ పంపిణీలు దాన్ని ఒక్కొక్కటిగా వదులుకుంటున్నాయి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 లో అది లేదు, అక్కడ పోస్ట్‌ఫిక్స్ పట్టికలు ఎల్‌ఎమ్‌డీబీ అనే మరో డేటాబేస్ రకంలో ఉంటాయి. మెయిన్.సీఎఫ్‌లో హ్యాష్ అని ఉన్న చోటల్లా మార్చాలి, ప్రతి పట్టికనూ టెక్స్ట్ నుంచి మళ్లీ తయారుచేయాలి. పాత డేటాబేస్ ఫైళ్లు కొత్త యంత్రంలో తెరుచుకోవు. కాబట్టి పాత యంత్రం నడుస్తుండగానే పోస్ట్‌మ్యాప్ -ఎస్ ఆదేశంతో ప్రతి పట్టికలోని పంక్తులనూ బయటికి తీసి, టెక్స్ట్ ఫైలుతో పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటికీ తేడా ఉన్న చోట, ఇన్నాళ్లూ సర్వర్ పాటించింది డేటాబేస్‌ను తప్ప టెక్స్ట్‌ను కాదు. అలా బయటపడిన ప్రతి ఓకే పంక్తికీ అది ఏ జాబితాలో, ఏ నియమానికి ముందు చదవబడుతోందో పోస్ట్‌కాన్ఫ్‌లో చూసి, డన్నోగా మార్చాలో, క్లయింట్ పట్టికకు తరలించాలో, తీసెయ్యాలో అప్పుడే తేల్చుకోవాలి.